వెలుతురు పంటకు ఏ పాత్ర?

నాగాయలంకలోనైనా కృత్తివెన్నులోనైనా రొయ్యల చెరువు గట్టెక్కిన రైతు ముందు చూసేది రొయ్యను కాదు, నీళ్ళ రంగును. లేత గోధుమ రంగు తిరిగితే ఆ వారానికి కాస్త నిశ్చింత. ముదురు పచ్చ అయితే ఓ కన్నేసి ఉంచుతాడు. గాలివాటు గట్టున పచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కట్టిందంటే మందుల షాపుకో టెక్నీషియన్‌కో ఫోన్ వెళ్తుంది. గోధుమ రంగు డయాటమ్ అనే నాచుది, పచ్చ హరితనాచుది, తెట్టు నీలిఆకుపచ్చ నాచుది. గుడివాడ చుట్టుపక్కల నందివాడ, ముదినేపల్లి చేపల చెరువుల్లోనూ ఇదే చూపు. కాకపోతే అక్కడ కోళ్ళ ఎరువు, సూపర్ ఫాస్ఫేటు వేసి రంగు తెప్పిస్తారు, ఇక్కడ తవుడు, బెల్లం మడ్డి పులియబెట్టి పోస్తారు. ఎలా చూసినా కృష్ణా డెల్టా అడుగున సాగేది రెండంతస్తుల సేద్యం. పైన ఎండను తిని పెరిగే కంటికానని జీవాలు, కింద వాటి ఆసరాతో బతికే చేపా రొయ్యా. కింది అంతస్తు లెక్కలు ప్రతి టీకొట్టు దగ్గరా వినిపిస్తాయి. పై అంతస్తు లెక్క రాసిపెట్టుకునేవాళ్ళు తక్కువ.

ఆ పై అంతస్తు పంటను చెరువులో దాని మానాన దాన్ని వదిలేయకుండా గాజు గొట్టాల్లో, పలకల్లాంటి తొట్టెల్లో, ప్లాస్టిక్ సంచుల్లో పెంచవచ్చు. వెలుతురు, వేడి, పీహెచ్, బొగ్గుపులుసు వాయువు అన్నీ మన చేతిలో ఉంచుకోవచ్చు. దీన్నే ఫోటోబయోరియాక్టర్ అంటారు. ఇరవై ఏళ్ళుగా దీని చుట్టూ వినిపించిన ఆశలు చాలా పెద్దవి: నాచు నుంచి డీజిల్, నాచు నుంచి మాంసకృత్తులు, థర్మల్ కేంద్రం పొగను మింగే నాచు, చేపపొడికి బదులు నాచుపొడి. ఎండకు, నీళ్ళకు, ఆక్వా అనుభవానికి కొదవలేని బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతానికి ఇందులో ఏం ఒరుగుతుంది? ఒక్కొక్క ఆశనూ తూకం వేసి చూస్తే నాకు తేలింది ఇది: బరువు అమ్ముకునే పంటకు ఈ పాత్ర దండగ, విత్తనం అమ్ముకునే పంటకు ఇది తప్పనిసరి. ఇప్పటివరకు డబ్బూ మాటలూ ఎక్కువగా మొదటిదాని మీదే ఖర్చయ్యాయి.

ముందు పాత్ర సంగతి. నాచుకు నీళ్ళు, ఎరువు ఇవ్వడం సులువు. వెలుతురు ఇవ్వడమే కష్టం. యూరియాను నీళ్ళలో కలిపితే మూలమూలకూ చేరుతుంది. వెలుతురు అలా కలవదు. ముందున్న కణం తాగేశాక మిగిలిందే వెనక కణానికి. నాచు చిక్కబడే కొద్దీ తన నీడలో తనే పడిపోతుంది. అందుకే గొట్టం వ్యాసం నాలుగైదు సెంటీమీటర్లు దాటనివ్వరు, పలక మందాన్ని కూడా అంతలోనే ఉంచుతారు. తెరిచిన తొట్టెలో లీటరుకు అర గ్రాము ఎండు నాచు ఉంటే మంచి పంట అంటారు. సన్నని గొట్టంలో రెండు మూడు గ్రాముల దాకా లాగవచ్చు. ఆ లాభానికి చెల్లించే మూల్యం వేరే ఉంది. గొట్టంలో నీళ్ళు ఆగితే కణాలు గోడకు అంటుకుంటాయి కాబట్టి పంపు రాత్రీపగలూ తిరగాలి. కిరణజన్య సంయోగక్రియలో పుట్టిన ఆక్సిజన్ బయటకు పోయే దారి లేక పేరుకుంటే నాచుకే విషమవుతుంది కాబట్టి మధ్యమధ్య దాన్ని బుడగలతో తరిమేయాలి. ఎండలో పెట్టిన మూసిన గాజు గొట్టం బయటి గాలికన్నా వేడెక్కుతుంది. మే నెలలో 42, 43 డిగ్రీలు చూసే గుడివాడలో ఆ గొట్టంలో చాలా జాతులు మధ్యాహ్నానికే ఉడికిపోతాయి. మీద నీళ్ళు చల్లాలి, లేకుంటే గొట్టాలను నీటిగుంటలో ముంచి ఉంచాలి. ఇక 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను గుర్తుంచుకున్న దివిసీమలో సముద్రం ఒడ్డున గాజు గొట్టాల తోట వేద్దామనే మనిషి ముందు ఇన్సూరెన్స్ వాళ్ళతో మాట్లాడుకుని రావాలి.

ఈ విద్యకు నూటముప్పై ఏళ్ళ పైబడిన చరిత్ర ఉంది. నెదర్లాండ్స్‌లో బైయెరింక్ 1890లో క్లోరెల్లాను విడదీసి శుద్ధంగా పెంచాడు. జర్మనీలో ఓటో వార్‌బుర్గ్ 1919 నాటికి అదే క్లోరెల్లాను దీపాల కింద ఫ్లాస్కుల్లో పెంచి కిరణజన్య సంయోగక్రియను కొలవడం మొదలుపెట్టాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ప్రపంచానికి తిండి చాలదన్న భయంతో అమెరికాలో కార్నెగీ సంస్థ కేంబ్రిడ్జ్‌లో ఒక మేడ మీద ప్లాస్టిక్ గొట్టాలు పరిచి 1951లో నాచు పెంచి చూసింది. 1953లో ఆ అనుభవాలన్నీ పుస్తకంగా వేసింది. నేడు పెట్టుబడిదార్లకు చూపించే స్లైడ్లలోని చిక్కులు చాలావరకు ఆ పుస్తకంలో అప్పుడే ఉన్నాయి.

మన దేశంలో దారి వేరు. 1939లో పి.కె. డే వరి మళ్ళలో గాలి నత్రజనిని నేలకు చేరుస్తున్నది నీలిఆకుపచ్చ నాచేనని చూపాడు. తర్వాత ఢిల్లీ వ్యవసాయ పరిశోధనా సంస్థలో జి.ఎస్. వెంకటరామన్ దాన్ని రేకు తొట్టెల్లో, మట్టి గుంటల్లో పెంచి ఎండబెట్టి మడిలో చల్లుకునే ఎరువుగా మార్చాడు. ఖరీదైన పాత్ర ఊసే లేదు. 1980ల్లో మద్రాసులోని మురుగప్ప చెట్టియార్ పరిశోధనా కేంద్రం స్పిరులినాను పల్లెటూరి తొట్టెల్లోకి తెచ్చింది. ఆ దారిలోనే తమిళనాడు పుదుక్కోట్టై జిల్లా ఊనైయూరులో ప్యారీ వాళ్ళ స్పిరులినా తోట లేచింది. తెరిచిన చెరువుల్లో, తెడ్లతో నీళ్ళు తిప్పుతూ పెంచే పద్ధతి అది. స్పిరులినాకు అది చాలు, ఎందుకంటే పీహెచ్ పది దగ్గర, 35 డిగ్రీల వేడిలో అది హాయిగా పెరుగుతుంది. ఆ క్షారంలో పోటీకి వచ్చే జీవాలు తక్కువ. మన ఎండకు సరిపోయే నాచు ఏదంటే మొదట చెప్పాల్సింది అదే. దాని మార్కెట్ మాత్రం చిన్నది, మాత్రల సీసా దాటి పెద్దగా బయటకు రాలేదు.

మూసిన పాత్రను పెద్ద ఎత్తున నిలబెట్టినవాళ్ళూ ఉన్నారు. జర్మనీలో క్లోట్సె అనే ఊళ్ళో 1999, 2000 ప్రాంతంలో గ్రీన్‌హౌస్ కింద 500 కిలోమీటర్ల పొడవు గాజు గొట్టాల్లో, 700 ఘనమీటర్ల నీళ్ళలో క్లోరెల్లా పెంచడం మొదలుపెట్టారు. ఏడాదికి 130 నుంచి 150 టన్నులు పండుతుందని ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్ చేపా రొయ్యా కలిపి ఏటా 50 లక్షల టన్నుల దాకా తీస్తున్న రాష్ట్రం. అంత గాజు పరిచి అన్ని టన్నులా అని మనకు అనిపించడం సహజం. ఇజ్రాయెల్ ఎడారిలో కెటూరా అనే కిబ్బుట్జ్‌లో అదే తరహా గొట్టాల్లో హెమటోకాకస్ అనే నాచును పెంచి, దాన్ని ఎండకూ ఆకలికీ మాడ్చి, ఆ బాధలో అది ఒంట్లో పట్టించుకునే ఎర్రరంగు ఆస్టాజాంథిన్‌ను తీస్తారు. అది గ్రాముల లెక్కన అమ్ముడయ్యే సరుకు కాబట్టి గొట్టాల ఖర్చు గిట్టుబాటవుతోంది. డీజిల్ కోసం దిగినవాళ్ళకు ఆ అదృష్టం లేకపోయింది. అమెరికా ఇంధన శాఖ 1978 నుంచి 1996 దాకా నాచు డీజిల్ పథకాన్ని నడిపి ఆపేసింది. 2009లో ఆర్భాటంగా మొదలైన ఎక్సాన్‌మొబిల్ నాచు ప్రాజెక్టు 2023లో మూతపడింది. మధ్యలో పుట్టి పోయిన చిన్న కంపెనీలకు లెక్క లేదు. ఇంకో తమాషా ఉంది. మేతల్లో, పాలపొడిలో నేడు కలుస్తున్న నాచు నూనెలో చాలాభాగం వెలుతురు సోకని స్టీలు ట్యాంకుల్లో, చక్కెర తాగి పెరిగే జాతులదే. వెలుతురు పాత్ర ఖర్చు భరించలేకే పరిశ్రమ చీకట్లోకి వెళ్ళింది.

ఈ లెక్క మన గట్టు మీద వేసి చూద్దాం. బందరు తీరంలో చదరపు మీటరు నేల మీద రోజుకు సగటున దాదాపు 5 యూనిట్ల ఎండ పడుతుంది. కరెంటు యూనిట్ల లెక్కే ఇది. ఎకరానికి 4,047 చదరపు మీటర్లు కాబట్టి రోజుకు 20 వేల యూనిట్లు ఉచితం. కిలో ఎండు నాచులో దాగే శక్తి సుమారు 6 యూనిట్లు. తెడ్డు తిప్పే మంచి తొట్టెలో చదరపు మీటరుకు రోజుకు 15 గ్రాములు పండితే ఎకరానికి 60 కిలోలు. పడిన ఎండలో అది రెండు శాతం లోపే. నాచు ప్రపంచంలో అయినా అది తీసిపారేసే దిగుబడి కాదు.

ఇప్పుడు ఎరువు బాగా పట్టిన చేపల చెరువును దాని పక్కన పెట్టండి. అలాంటి చెరువులో నాచు రోజుకు చదరపు మీటరుకు రెండు మూడు గ్రాముల కార్బన్‌ను పట్టుకుంటుంది. ఎండు బరువులో చెప్పాలంటే నాలుగు నుంచి ఆరు గ్రాములు, ఎకరానికి పదహారు నుంచి పాతిక కిలోలు. తెడ్డు తొట్టె పంటలో మూడోవంతు. తక్కువే, కానీ దాన్ని కోయడానికి యంత్రం అక్కర్లేదు. లీటరుకు అర గ్రాము ఉన్న నాచును విడదీయాలంటే కిలో పంటకు రెండు టన్నుల నీళ్ళను సెంట్రిఫ్యూజ్‌లోనో ఫిల్టర్‌లోనో తిప్పాలి. చెరువులో ఆ పని బొచ్చె, శీలావతి చేపలు, వాటికి తిండయ్యే చిన్న చిన్న జంతు ప్లాంక్టన్ జీతం లేకుండా చేసిపెడుతున్నాయి. నూనె తీసిన తవుడు సంచులు కర్రలకు వేలాడదీసి మేపే గుడివాడ చెరువులో చేపకు అందే తిండంతా సంచిలోంచే రావడం లేదు. నాచు అనే ఈ రెండో మేత బిల్లు రాయని మేత కాబట్టి లెక్కలోకి రాదు, అంతే.

ఎండ వద్దు, దీపం కింద పెంచుదామంటే? మంచి ఎల్‌ఈడీలో కరెంటు సగం వెలుతురవుతుంది. ఆ వెలుతురులో పదోవంతు నాచు ఒంట్లో మిగిలితే గొప్ప. అంటే నూటికి ఐదు. కిలోకు 6 యూనిట్ల శక్తి నిలవాలంటే 120 యూనిట్ల కరెంటు కాల్చాలి. యూనిట్ 7 రూపాయలైతే 840 రూపాయలు. 2019లో ప్రభుత్వం ఆక్వా రైతుకు ఇచ్చిన రూపాయిన్నర ధరకే కరెంటు దొరికిందనుకున్నా 180 రూపాయలు. పంపు, ఏసీ, కోత ఖర్చులు ఇందులో లేవు. రొయ్య మేత కిలో వంద రూపాయల దరిదాపుల్లో దొరుకుతుంటే దీపపు నాచును మేతగా అమ్మడం ఏ సబ్సిడీతోనూ కుదిరే పని కాదు.

పొగ మింగే నాచు సంగతీ అంతే. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో 500 మెగావాట్ల యూనిట్ ఒకటి ఉంది. ఆ పరిమాణంలో బొగ్గు యూనిట్ రోజంతా నిండుగా తిరిగితే పదకొండు పన్నెండు వేల టన్నుల బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. కిలో ఎండు నాచు పెరగడానికి పట్టే వాయువు 1.8 కిలోలు. మొత్తం మింగించాలంటే రోజుకు ఆరు వేల టన్నులకు పైగా నాచు పండాలి. చదరపు మీటరుకు రోజుకు 20 గ్రాములు అని ఉదారంగా వేసుకున్నా దగ్గర దగ్గర 80 వేల ఎకరాల నీళ్ళు కావాలి. ఒక్క యూనిట్‌కు. రాత్రిపూట నాచు మింగదు, పైగా కొంత తిరిగి వదులుతుంది కూడా. హైదరాబాద్ ఐఐసీటీలో ఎస్. వెంకట మోహన్ బృందం లాంటి వాళ్ళు మురుగునీటిని శుద్ధి చేస్తూ నాచు పెంచే దారిని చాలాకాలం పరిశోధించారు. నాచును మురుగు శుద్ధితో ముడిపెట్టడంలో అర్థం ఉంది, ఎందుకంటే అక్కడ శుద్ధి అయిన నీళ్ళే సరుకు, నాచు మిగులు. పొగ కోసం, డీజిల్ కోసం మాత్రం ఈ డెల్టాలో ఎవరైనా భూమి లీజు అడిగితే పై లెక్క చూపించి పంపడమే మంచిది.

ఇక పాత్ర నిజంగా పనికొచ్చే చోటు. మన చెరువుల్లో పోసే వెనామీ రొయ్య పిల్ల బాపట్ల, కాకినాడ, నెల్లూరు తీరాల హేచరీల నుంచి లారీల్లో, ఆక్సిజన్ నింపిన సంచుల్లో వస్తుంది. 2009లో వెనామీకి అనుమతి వచ్చాక ఈ రాక ఎన్నో రెట్లు పెరిగింది. గుడ్డు పగిలి బయటపడ్డ నాప్లియస్ దశలో పిల్లకు నోటి తిండి అక్కర్లేదు, ఒంట్లోని సొన మీదే బతుకుతుంది. తర్వాత జోయియా దశ. మూడు మిల్లీమీటర్ల పొడవు మించని ఆ ప్రాణికి నాలుగైదు రోజుల పాటు ఎడతెగకుండా బతికున్న డయాటమ్ కావాలి. జపాన్‌లో ఫుజినాగా 1930ల్లో స్కెలెటోనెమా అనే డయాటమ్ పెట్టి రొయ్య పిల్లను మొదటిసారి బతికించి 1942లో వివరంగా రాశాడు. రొయ్యల హేచరీ అనే పరిశ్రమ మొత్తం ఆ ఒక్క మేత దొరకడంతో మొదలైంది.

అందుకే ప్రతి పెద్ద హేచరీలోనూ తొట్ల షెడ్డుకు దూరంగా చెప్పులు విడిచి, కాళ్ళు మందునీళ్ళలో ముంచి వెళ్ళాల్సిన గది ఒకటి ఉంటుంది. ఆల్గే రూమ్. ఏసీ ఇరవై నాలుగు డిగ్రీల లోపే. గోడ పొడుగునా అరలు, అరల వెనక ట్యూబ్‌లైట్లు. పై అరలో వేలంత గాజునాళికల్లో శుద్ధమైన స్టాకు, దూది బిరడాతో. దాంట్లోంచి పావు లీటరు ఫ్లాస్కుకు, అక్కణ్ణుంచి రెండు మూడు లీటర్ల గాజుకూజాకు, ఆ తర్వాత ఇరవై లీటర్ల కార్బాయ్‌కు. ప్రతి మెట్టులోనూ పదోవంతు విత్తనం, మిగతా మరిగించి చల్లార్చిన సముద్రపు నీళ్ళు, వాటిలో గిలార్డ్ 1960ల్లో వుడ్స్ హోల్‌లో కట్టిన ఎఫ్/2 అనే ఎరువుల పాకం. డయాటమ్ గుల్ల కట్టుకోవాలి కాబట్టి సిలికేటు తప్పదు. అది మరిచిపోతే రంగు లేచి రెండో రోజుకు కూలిపోతుంది. గది దాటాక వందల లీటర్ల తొట్టె, ఆపైన ఎండలో టన్నుల తొట్టె. ఇది అచ్చంగా మన నారుమడి పద్ధతే.

జోయియా తొట్టెలో మిల్లీలీటరుకు లక్ష కణాల దాకా నిలబెడతారు. పది టన్నుల తొట్టెకు అంత నిలవాలంటే మిల్లీలీటరుకు పది లక్షల కణాలున్న ఆల్గే నీళ్ళు ఒక టన్ను పోయాలి, తిన్నంత మళ్ళీ పోస్తుండాలి. టెక్నీషియన్ గాజు బీకరులో పిల్లను ఎత్తి దీపానికి ఎదురుగా పట్టి చూసేది దాని వెనక వేలాడే సన్నటి మలం పోగును. పోగు పొడుగ్గా, గోధుమ రంగులో ఉంటే తింటున్నట్టు. తెగి పొట్టిగా ఉంటే తిండి చాలలేదు, లేదా పిల్లకు జబ్బు. పోగే లేదంటే ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. ఆల్గే సరైన రోజుకు సరైన చిక్కదనంలో అందకపోతే లక్షల పిల్ల తెల్లారేసరికి అడుగున పడి ఉంటుంది. ఆ నాచు విలువను కిలో రేటుతో కొలవలేం. 1992లో ప్రపంచంలోని ఆల్చిప్పల హేచరీలను అడిగి చూసిన సర్వేలో పిల్ల తయారీ ఖర్చులో సగటున 30 శాతం నాచు పెంపకానికే పోతోందని తేలింది. ఆ ఖర్చు పెట్టి కూడా వాళ్ళు పెంచడం మానలేదు.

ఈ గదిలో దీపం కరెంటు గురించి పైన వేసిన లెక్క చెల్లకపోవడానికి కారణం ఇదే. ఇక్కడ అమ్ముతున్నది నాచు కాదు, ఫలానా రోజున ఫలానా జాతి, వేరే ఏదీ కలవకుండా ఉంటుందన్న హామీ. అయినా ప్రతిచోటా గాజు అక్కర్లేదన్న సంగతీ గుర్తుంచుకోవాలి. 1970ల్లో, 80ల్లో కేరళలోని నారక్కల్‌లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వాళ్ళు వడకట్టిన సముద్రపు నీళ్ళకు ఎరువు కలిపి ఎండలో పెట్టి, దానంతట అది లేచే కీటోసెరస్ ఎక్కువగా ఉన్న మిశ్రమ డయాటమ్‌తో పిల్లను పెంచి చూపించారు. ఖర్చు తక్కువ. మబ్బు పట్టిన వారం, వరదకు నీళ్ళ ఉప్పదనం పడిపోయిన వారం ఏం లేస్తుందో చెప్పలేకపోవడమే దాని లోపం. పెద్ద హేచరీలు గది వైపు మొగ్గింది ఆ భయంతోనే.

మన గట్ల మీదకే వచ్చిన ఇంకో వెలుతురు జీవం పీఎస్ (ఫోటోసింథటిక్) బాక్టీరియా. ఆక్వా మందుల షాపుల్లో ఎర్రటి ద్రవంగా డబ్బాల్లో దొరుకుతుంది. అమ్మోనియా, అడుగు మట్టి కుళ్ళువాసన తగ్గుతాయని పోస్తారు. ఇది నాచు కాదు. రోడోబాక్టర్, రోడోసూడోమోనాస్ జాతుల ఊదా బాక్టీరియా. ఎండను వాడుకుంటుంది కానీ ఆక్సిజన్ వదలదు. మన కంటికి కనిపించని పరారుణ వెలుతురు దీనికి ఇష్టం, గాలి సోకకపోవడం ఇంకా ఇష్టం. అందుకే దీన్ని పెంచడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. పారదర్శకమైన క్యాన్‌లో తగిన పోషకం, కాస్త విత్తనం కలిపి, మూతి దాకా గాలి మిగలకుండా నింపి, బిగించి ఎండలో పెడితే వారం లోపు ఇటుకరంగు తిరుగుతుంది. థాయ్‌లాండ్‌లో రైతులు గుడ్డు సొన, అజినమోటో వేసి ఇంట్లోనే చేసుకుంటారు. నా దృష్టిలో పేదవాడి ఫోటోబయోరియాక్టర్ అంటే ఆ క్యానే.

చిక్కు క్యాన్‌లో లేదు, చెరువులో ఉంది. ఈ బాక్టీరియా తన వెలుతురు విద్య చూపాలంటే ఒకే చోట వెలుతురు ఉండాలి, ఆక్సిజన్ ఉండకూడదు. నీళ్ళ తేటదనం చూసే సెకీ డిస్కు ముప్పై నలభై సెంటీమీటర్లకే మాయమయ్యే రొయ్యల చెరువులో వెలుతురున్న పై పొరలో ఏరియేటర్ల పుణ్యమా అని ఆక్సిజన్ నిండుగా ఉంటుంది. ఆక్సిజన్ లేని అడుగు మట్టిలో వెలుతురు ఉండదు. పరారుణ కిరణాలనైతే నాచు తాగకముందే నీళ్ళే తాగేస్తాయి. అందుకని చెరువులో పోసిన పీఎస్ చాలావరకు మామూలు బాక్టీరియా లాగే చీకట్లో సేంద్రియాన్ని తిని బతుకుతుంది. అది పనికిరానిదని కాదు. నత్రజనిని ఒంట్లో పట్టుకుంటుంది, కొంత మేతగా కూడా పోతుంది. కానీ డబ్బా మీది బొమ్మలో సూర్యుడు, అడుగు మట్టి, మాయమవుతున్న గంధకం బుడగలు చూసి లీటర్ల కొద్దీ కొనే ముందు ఈ సంగతి తెలిసి ఉండాలి. పైగా డబ్బాలో నిజంగా ఎన్ని బతికున్న కణాలున్నాయో రైతుకు చూపే ఏర్పాటు చుట్టుపక్కల కనిపించదు. రంగు ఎర్రగా ఉండటం సాక్ష్యం కాదు, చచ్చిన కణాలూ ఎర్రగానే ఉంటాయి.

ఈ ఊదా బాక్టీరియా విషయంలో తెలుగునేల వెనకబడి లేదు సరికదా, లోకానికి పాఠం చెప్పే స్థితిలో ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సి.హెచ్. వెంకటరమణ, జేఎన్‌టీయూలో సి.హెచ్. శశికళ బృందాలు ఏళ్ళ తరబడి మన తీరాల మట్టి, నీళ్ళు తెచ్చి, నిండా నింపిన సీసాల్లో వెలుతురు కింద పెంచి, శాస్త్రానికి కొత్తవైన జాతులను వరసగా విడదీశాయి. 2007లో ప్రకటించిన వాటిలో ఒకటి భీమిలి పేరుతో మారిక్రొమేషియం భీమ్లికమ్, ఇంకొకటి కాకినాడ పేరుతో థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్. భీమిలి, కాకినాడ ఊళ్ళ పేర్లు అంతర్జాతీయ బాక్టీరియా జాబితాలకెక్కాయి. ఇంత జ్ఞానం ఉన్న రాష్ట్రాల్లో చెరువులో పోసే డబ్బాకు మాత్రం జాతి పేరు, పుట్టుక చెప్పేవాళ్ళు లేరు. పరిశోధనకూ గట్టుకూ మధ్య దూరం చాలా ఉంది.

ఆ దూరాన్ని తగ్గించేది పెద్ద ఫ్యాక్టరీ కాదు, విత్తన గది. వరికి ఈ ఏర్పాటు ఎప్పుడో వచ్చింది. బందరు వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుంచి ఎంసీఎం వరి రకాలు వచ్చాయి, మూల విత్తనం నుంచి ధ్రువీకరించిన విత్తనం దాకా మెట్లున్నాయి, ఘంటసాలలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. చెరువు పై అంతస్తు పంటకు అలాంటి మెట్టు ఒక్కటీ లేదు. కొత్త చెరువుకు రంగు తేవాలంటే పక్క చెరువు నీళ్ళు తోడి పోయడం ఇప్పటికీ వాడుక. ఆ నీళ్ళలో డయాటమ్‌తో పాటు విబ్రియో బాక్టీరియా వస్తుందో, తెల్లమచ్చ వైరస్ వస్తుందో చెప్పే నాథుడు లేడు. పిల్ల పోసే వారం ముందు చెరువుకో, నర్సరీ తొట్టెకో శుద్ధమైన డయాటమ్ విత్తనం వంద లీటర్లు దొరికితే దానికి రైతు డబ్బు పెట్టడా? మందుల షాపులో సీజన్‌కు ఎంత పోస్తున్నాడో చూస్తే పెడతాడనే నా అంచనా. నీలిఆకుపచ్చ తెట్టు కట్టాక మందు కొట్టి చంపడం, అది చచ్చి కుళ్ళి తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోవడం, చేపలు తలలు పైకెత్తడం, బతికినవాటికి మట్టివాసన పట్టి కొనుగోలుదారు రేటు కొయ్యడం, ఇవన్నీ విత్తనం ఖర్చుకన్నా ఎక్కువ. ఒక జాతిని చల్లితే చెరువంతా అదే నిలుస్తుందని ఎవరూ చెప్పలేరు. నత్రజని, భాస్వరం పాళ్ళు, సిలికా, ఉప్పదనం సరిచేయకుండా విత్తనం ఒక్కటే గెలవదు. కానీ గట్టిగా మొదలైన డయాటమ్‌కు తొలి రెండు వారాల్లో పైచేయి దొరుకుతుంది, పిల్లకు తిండి అవసరమైనది కూడా అప్పుడే.

దివిసీమలో భావదేవరపల్లిలో శ్రీ ఎం.వి.కె.ఆర్. ఫిషరీస్ పాలిటెక్నిక్ ఉంది. బందరులో కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది. నరసాపురంలో మత్స్య విశ్వవిద్యాలయం వచ్చింది. వీటిలో ఏ ఒక్కచోట ఆల్గే స్టాకు గది నడపాలన్నా కోట్లు అక్కర్లేదు. ఏసీ గది, ఆటోక్లేవ్, మైక్రోస్కోపు, కణాలు లెక్కపెట్టే గాజు పలక, కరెంటు పోతే పనిచేసే జనరేటరు, సెలవుల్లో కూడా ప్రతి వారం స్టాకు మార్చే ఇద్దరు మనుషులు. చివరిదే కష్టం. స్టాకు దసరా సెలవులు చూడదు.

అక్కడ మొదట చేయాల్సిన పని నా ఉద్దేశంలో జాతుల వేట. హేచరీలు వాడే కీటోసెరస్, థలసియోసైరా స్టాకులు ఎక్కడెక్కడి సముద్రాల నుంచో వచ్చినవి, ఏసీ చల్లదనానికి అలవాటుపడ్డవి. మే నెల ఎండలో, కృత్తివెన్ను వైపు ఉప్పుటేరు నీళ్ళలో, హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోట, వరద ముందు ఎక్కువ ఉప్పులోనూ వరద వెనక తక్కువ ఉప్పులోనూ ఏడాది పొడుగునా బతికి నిలిచే డయాటమ్‌లు ఉన్నాయి. వాటిని నాలుగు కాలాల్లోనూ తీసి, ఒక్కొక్క కణాన్ని విడదీసి, 35 డిగ్రీల్లో పెంచి చూడాలి. వాటిలో ఒక్కటి అయినా ఆ వేడిలో జోయియాకు సరిపడే పరిమాణంలో, మంచి కొవ్వులతో, గుంపులు కట్టకుండా పెరిగితే ఏసీ ఖర్చు సగం పోతుంది. గది అవసరం స్టాకు నాళికలకే మిగులుతుంది, మిగతా మెట్లు పాలిథిన్ సంచుల్లో నీడవల కింద నడుస్తాయి. రెండో పని, మూడు నాలుగు వందల రూపాయలకు పీఎస్ డబ్బాలో, చెరువు నీళ్ళలో బతికున్న కణాలు లెక్కపెట్టి కాగితం ఇవ్వడం. నీళ్ళ పీహెచ్, అమ్మోనియా చూసే ల్యాబులు కైకలూరు నుంచి అవనిగడ్డ దాకా ఇప్పటికే ఉన్నాయి. వాటి బల్ల మీద మైక్రోస్కోపు ఒకటి పెట్టి, డయాటమ్‌కూ నీలిఆకుపచ్చ నాచుకూ తేడా చెప్పగల కుర్రాడిని కూర్చోబెడితే చాలు, నమూనా సీసా పట్టుకుని రైతులే వస్తారు.